బుగ్గమ్మ పళ్ళు నూరే ఇల్లు

దీపాలు పెట్టే వేళ దాటిందంటే బండమీదిపల్లెలో బుగ్గమ్మ ఇంటి ముందు నుంచి ఎవరూ నడవరు.

నడవొద్దని దండోరా ఏమీ వేయలేదు. కాళ్ళే నడవవు. వాగు దిక్కు నుంచి ఊళ్ళోకి రావాలంటే ఆ ఇంటి ముందుగా నూట ఎనభై అడుగులు. చుట్టు తిరిగి వస్తే తొమ్మిది వందలు. ఊరంతా తొమ్మిది వందలే నడిచేది — మోకాళ్ళు పట్టేసిన ముసలివాళ్ళతో సహా, నెత్తిన నీళ్ళ బిందెలున్న ఆడవాళ్ళతో సహా.

ఎందుకంటే ఆ ఇంట్లో బుగ్గమ్మ పళ్ళు నూరుతుంది.

చచ్చిపోయిన బుగ్గమ్మ.

చూసినవాళ్ళు లేరు. విన్నవాళ్ళకు మాత్రం కొదవ లేదు. తాండూరు సంత నుంచి ఆలస్యంగా వచ్చినవాళ్ళు విన్నారు. తప్పిపోయిన ఎడ్లను వెతుక్కుంటూ పోయినవాళ్ళు విన్నారు. తాళం వేసిన తలుపు వెనక, చీకట్లో, ముందు ఏమీ ఉండదు. నిలబడి ఊపిరి బిగపడితే... మెల్లగా మొదలవుతుంది.

కర్ర్... కర్ర్... కర్ర్ర్...

నడుమ ఒక ఆగుడు — ఎవరో ఊపిరి తీసుకున్నట్టు. మళ్ళీ, కర్ర్...

తెల్లవారి ధైర్యం చేసి తలుపు సందులోంచి చూస్తే నేల బండల మీద పసుప్పచ్చని పొడి. జొన్నపిండి కన్నా మెత్తన. "ఎముకలు నూరిన పొడి" అన్నారు. ఎవరి ఎముకల కోసం నూరుతుందో మాత్రం ఎవరూ పైకి అనలేదు. అంటే ఆ మాట పోయి పోయి దేవప్ప వాకిట్లో ఆగుతుందని అందరికీ తెలుసు.

నిజాం రాజ్యం పోయి తొమ్మిదేళ్ళయిన నాటి సంగతి ఇది. విన్నది విన్నట్టు చెబుతున్న మాట.

దేవప్ప బుగ్గమ్మకు మరిది కొడుకు. వాళ్ళు గొర్రెల కాపరులు. మగవాళ్ళు మందతో గుట్టల వెంట తిరిగితే, బుగ్గమ్మ తంగేడు బరిగెలు కోసుకొచ్చి గొర్రెపిల్లల మీద బోర్లించే గంపలు అల్లేది, కందులు పోసుకునే గుమ్ములు అల్లేది. గుమ్మి అంటే మనిషెత్తు బుట్ట. లోపలా బయటా పేడతో అలికితే నాలుగు బస్తాలు మింగి కూర్చుంటుంది. మొగుడు పోయాక ఆమెకు మిగిలింది రెండెకరాల పది గుంటల నల్లరేగడి, ఒక్కగానొక్క కూతురు రాధమ్మ. రాధమ్మను దోమ అనే ఊరి దిక్కు పల్లెకు ఇచ్చారు.

మొగుడు పోయిన మూడో నెలలో ఆ రెండెకరాల పది గుంటలు దేవప్ప పేర పడ్డాయి. ఎట్లా పడ్డాయంటే, వాన పడ్డట్టు పడ్డాయి. ఊరు చూసింది. చూసి, తడుస్తామన్నట్టు ఇళ్ళలోకి పోయింది.

అంతటితో ఆగితే దేవప్ప దేవప్ప ఎందుకవుతాడు? ఆ పొలంలో ఒక నీటి కుంట ఉంది. కోసిన బరిగెల కట్టలను బుగ్గమ్మ ఇరవై ఒక్క రోజులు అందులో నానబెట్టి, ఆ తర్వాతే అల్లేది. వాళ్ళ అమ్మ అట్లాగే చేసింది, అమ్మమ్మా అట్లాగే చేసింది. ఒకరోజు దేవప్ప ఆ కట్టలన్నీ గట్టు మీదికి విసిరించాడు.

"నీ కట్టెలు మురిగి నా నీళ్ళు గబ్బు లేస్తున్నయి పెద్దమ్మా."

"గీ నీళ్ళు నీయి ఎప్పటి సంది అయినయిరా?" అంది బుగ్గమ్మ, ఉన్న రెండు మూడు పళ్ళూ బిగబట్టి.

"కాయిదం చూపియ్యాల్నా?"

ఆ తర్వాత ఆమె పచ్చి బరిగెలతోనే అల్లింది. కడుపు ఆగదు గనుక అల్లింది. ఒకనాటి పొద్దున సగం అల్లిన గంప మీదే ఒరిగిపోయింది. చివరి ఏడాది అల్లిన పదకొండు గంపలు, ఒక గుమ్మి — అదీ ఆమె మిగిల్చిన ఆస్తి.

కర్మ అయిన రోజు రాధమ్మ అడిగింది.

"తమ్మీ, అమ్మ భూమి సంగతేంది?"

"ఆడిబిడ్డకు భూమేందక్కా! పండుగకు చీర పెడ్త తీ."

"పోనీ, గీ గంపలన్న ఇయ్యి. అమ్మ చేతియి."

దేవప్ప లెక్క వేసుకున్నాడు. పదకొండు గంపలు. తాండూరు సంత. "నా జాగల ఉన్నయి నాయే అయితయి" అన్నాడు.

రాధమ్మ ఒక గంపను ఎత్తి చూసింది. అడుగున వేలితో తట్టింది. ఏమనుకుందో ఏమో, మెల్లగా కింద పెట్టింది. "సరే, నువ్వే ఉంచుకో" అంది.

అంత సులువుగా తెగినందుకు దేవప్ప లోపల్లోపల మురిసిపోయాడు. గుమ్మిని ఆనాడే తన ఇంటికి మోయించి కందులు పోశాడు. గంపలను సంతకు పంపేదాకా అక్కడే ఉండనీ అని బుగ్గమ్మ ఇంటికి తాళం వేశాడు. ఆరు నెలలు తిరక్కుండానే ఆ తాళం వెనక చప్పుడు మొదలైంది. దయ్యం అల్లిన గంపలు కొనేవాడెవడు? సంత బేరం సంతలోనే పోయింది.

పగలు మాత్రం దేవప్పంత ధైర్యవంతుడు ఆ ఊళ్ళో లేడు.

"ఏం దయ్యమో! ఆమెను బొంద పెట్టిన నాడు నేనే మట్టి పోసిన. నోట్లె నాలుగు పండ్లు లేకుండె. ఏం పెట్టి నూరుతదంట?" అని చావడి ముందు కూర్చుని నవ్వేవాడు. నవ్వి, పొద్దు గూకక ముందే ఇంటికి చేరేవాడు.

ఎండాకాలం మొదట్లో ఒకరోజు తాండూరులో పని ఆలస్యమైంది. వాగు దాటేసరికి కటిక చీకటి. ముందు రెండు దారులు. నూట ఎనభై, తొమ్మిది వందలు. ఆ పగలే చావడి ముందు మరీ ఎక్కువ నవ్వి ఉన్నాడు. చుట్టు తిరుగుతుంటే ఎవరైనా చూశారంటే పరువు పోతుంది. నూట ఎనభై వైపే తిరిగాడు.

మనసు మళ్ళించుకోవడానికి అడుగులు లెక్కపెడుతూ నడిచాడు. ఎనభై నాలుగు... ఎనభై ఐదు... ఎనభై ఆరు...

ఎనభై ఏడు దగ్గర విన్నాడు.

కర్ర్... కర్ర్ర్...

మిగిలిన తొంభై మూడు అడుగులనూ పదకొండు అంగల్లో ముగించాడు.

ఇంటికొచ్చి తలుపు వేసి, గడియ పెట్టి, గడియకు రోకలి ఆనించి పడుకున్నాడు. గుండె కుదుటపడింది. చెవుల్లో హోరు తగ్గింది. ఇల్లంతా నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో... గింజల గదిలోంచి...

కర్ర్...

దేవప్ప కళ్ళు తెరిచాడు. పక్కన భార్య ఎంకమ్మ కళ్ళు తెరుచుకునే ఉంది.

"ఎంకా... నీకేమన్న ఇనబడుతున్నదా?"

"ఆఁ."

"ఎప్పటి సంది?"

"నెల దాటింది. నువ్వు గురక పెడ్తవు, నేను ఇంటుంట."

"చెప్పకపోతివి?"

"పందికొక్కు అనుకున్న."

దీపం పట్టుకుని ఇద్దరూ గదిలోకి పోయారు. అడుగు పెట్టగానే చప్పుడు ఆగింది. ఊపిరి బిగబట్టి నిలబడ్డారు. ఎంతసేపో తెలియదు. దేవప్ప వెనక్కి తిరగబోయాడు — వీపు వెనక గుమ్మిలోంచి, కర్ర్ర్...

గుమ్మి చుట్టూ నేల మీద పసుప్పచ్చని పొడి.

"ఏందయ్యా, ఇంటికొచ్చేటప్పుడు ఆమెను గిట్ల తోల్కొచ్చినవా?" అంది ఎంకమ్మ.

నెల నుంచీ వింటున్నానని ఆమె ఇప్పుడే చెప్పింది. కానీ ఆ లెక్క ఆ వేళకు ఇద్దరికీ తట్టలేదు.

ఎంకమ్మ పుట్టింటివాళ్ళు ఎల్లప్ప పేరు చెప్పారు. అవతల కన్నడ దిక్కు భూతవైద్యుడు. ఎల్లప్ప వచ్చీ రాగానే మేక గురించి అడిగాడు. మేక నల్లదేనా, బలిసిందేనా అన్నీ తేలాక దయ్యం గురించి అడిగాడు. ఊరంతా వాకిట్లో కూడింది. వేపమండ పట్టుకుని గుమ్మిని బాదడం మొదలుపెట్టాడు.

"హోగు! హోగు! హోగు!"

పక్కింటి ముసలమ్మ రుక్కమ్మ అడిగింది. "హోగంటే ఏందయ్యా?"

"పొమ్మని."

"మా బుగ్గమ్మకు కన్నడం రాదు గద?"

"చచ్చినంక అన్ని భాషలొస్తయి" అన్నాడు ఎల్లప్ప, చెయ్యి ఆపకుండా.

గుమ్మిలో చప్పుడు ఆగిపోయింది. జనం చేతులు జోడించారు. ఎల్లప్ప నేల మీది పొడిని చిటికెడు తీసి వాసన చూశాడు, నాలుక మీద వేసుకున్నాడు, కళ్ళు మూసుకున్నాడు. "గిది మామూలు పొడి కాదు" అన్నాడు. దాన్ని బెల్లంలో కలిపి రక్షగా పంచాడు. నలభై రెండు మంది తిన్నారు. కొందరు రెండోసారి చెయ్యి చాపారు.

మేకను విప్పుకుంటూ దేవప్ప చెవిలో అసలు వైద్యం చెప్పాడు.

"ఆమె బరువంత నీ ఒక్కింటి మీద పడ్డది. పంచాలె. ఆమె చేతి గంప ఒక్కోటి ఒక్కో ఇంటికియ్యి. పంచుకుంటే బరువు తేలికైతది."

దేవప్పకు ఇది బాగా నచ్చింది. పదకొండు గంపలు పదకొండు ఇళ్ళకు. గుమ్మితో తనది పన్నెండో ఇల్లు. అంటే తన వంతు పన్నెండో భాగం దయ్యం. నెలకు ముప్పై రాత్రులనుకుంటే తనకొచ్చేది రెండున్నర. ఆ రెండున్నర రాత్రులు ఏ బావమరిది ఇంటికో పోయి పడుకుంటే, ఇక దయ్యమన్నదే లేదు.

దయ్యానికి భాగహారం రాదనీ, గుణకారం ఒక్కటే వచ్చనీ అతనికి ఎవరు చెప్పాలి?

గంపలు పంచాడు. దేవప్ప చేతి నుంచి ఒక వస్తువు ఉత్తపుణ్యానికి రావడం ఊరు చూసింది అదే మొదలు. వద్దన్నవాళ్ళు లేరు. దయ్యం గంప కదా అని ఒకరిద్దరు గొణిగినా, మంత్రం వేయించిన గంప అని ఎంకమ్మ చెప్పింది. ఉత్తగా వచ్చేదానికి ఆ మాట చాలు. కొందరు గొర్రెపిల్లల మీద బోర్లించుకున్నారు. కొందరు ఉల్లిగడ్డలు పోసుకున్నారు. కొందరు పాత గంపల మీద దీన్ని దొంతరగా పేర్చుకున్నారు.

వారం తిరక్కుండా ఒక వింత జరిగింది. బుగ్గమ్మ ఇంట్లో చప్పుడు ఆగిపోయింది. పూర్తిగా.

ఎల్లప్ప మొనగాడన్నారు. అతనికి ఇంకో మేక పంపాలన్నారు.

వానలు వెనకబట్టే వేళకు మొదట రెండు ఇళ్ళలో మొదలైంది. తర్వాత ఐదు. దసరా నాటికి పదకొండూ. దయ్యం తన ఇల్లు ఖాళీ చేసి ఊళ్ళోకి కాపురం వచ్చింది.

ఊరు పరేషాన్ అయింది. రాత్రిళ్ళు ఎవరి ఇంట్లో వాళ్ళు చెవులు రిక్కించి పడుకునేవాళ్ళు. తెల్లవారాక బావి దగ్గర గుసగుసలు. ఎవరి ఇంటికి ఎందుకు వచ్చిందో మెల్లగా తేల్చుకున్నారు. తనకు అన్యాయం చేసినవాళ్ళ ఇంటికే బుగ్గమ్మ వస్తుంది. రుక్కమ్మ ఒకప్పుడు రెండు గంపలు తీసుకుని ఒకదానికే జొన్నలు కొలిచింది. మల్లప్ప ఆ భూమి కాయిదం మీద సాక్షిగా వేలిముద్ర వేశాడు. ఇంకొకరు వానలో తడుస్తున్న ముసలిదాన్ని చూసి తలుపు దగ్గరికి వేశారు. పదకొండు ఇళ్ళకూ కారణం దొరికింది. లెక్క ఎక్కడా తప్పలేదు. తప్పడానికి, ఆమెకు ఏదో ఒకటి ఎగవేయని ఇల్లు ఆ ఊళ్ళో ఉంటే కదా!

కానీ తప్పు ఒప్పుకుని మనిషి ఎంతకాలమని బతుకుతాడు? వారం బతికారు. ఎనిమిదో రోజున అందరికీ దేవప్ప గుర్తొచ్చాడు.

పొద్దున లేచి తలుపు తీస్తే దేవప్ప వాకిట్లో పదకొండు గంపలు పడి ఉన్నాయి. గంపల వెనక ఊరు నిలబడి ఉంది.

"నీ గంపలు నువ్వే ఉంచుకో. గామె భూమి ఆమె బిడ్డకియ్యి" అన్నాడు మల్లప్ప.

"ఓహో! సాక్షి ముద్ర ఎవరు వేసిన్రో?"

"నేనే వేసిన. అందుకే నా ఇంట్ల గంపంత వచ్చింది. నీ ఇంట్ల గుమ్మి అంత వచ్చింది."

"రుక్కవ్వా, నువ్వు జొన్నలు ఎగ్గొట్టలేదా?"

"మాయి గింజలు నాయినా" అంది రుక్కమ్మ. "నీది చేను."

దీపావళి లోపల ఇవ్వకపోతే నీళ్ళు నిప్పులు బంద్ అన్నారు. దేవప్ప రాత్రంతా ఆలోచించాడు. రెండెకరాల పది గుంటలు. ఎకరాకు నాలుగు బస్తాల కందులు. ఊహూ, ఇవ్వడు. దయ్యానికి కావలసింది తానైతే తానే పోతాడు. దయ్యం ఇనుము దాటదని చిన్నప్పటి నుంచీ విన్నాడు. తాండూరు నుంచి వికారాబాద్ దాకా ఇరవై ఐదు మైళ్ళు, రెండు వరసల ఇనుము. అంతకన్నా కావలసిందేముంది?

బట్టలూ దుప్పటీ వాకిట్లోని ఒక గంపలో కుక్కుకుని రైలెక్కాడు.

వికారాబాద్‌లో అతనికి మత్తయ్య తెలుసు. అనంతగిరి సీతాఫలాలను గంపలకెత్తి హైదరాబాద్ రైలుకు వేసే మనిషి. స్టేషన్ పక్కన అతని రేకుల షెడ్డులో గంపల నడుమ చాప పరుచుకున్నాడు దేవప్ప. రెండు రాత్రులు హాయిగా నిద్రపోయాడు. గూడ్సు బండ్లు పోతూనే ఉన్నాయి, ఇంజన్లు కూస్తూనే ఉన్నాయి. ఎంకమ్మను పిలిపించుకుని ఇక్కడే ఉండిపోతే ఎట్లా ఉంటుందని కూడా అనుకున్నాడు.

మూడో రాత్రి ఎందుకో బండ్లు ఆగాయి. స్టేషన్ నిద్రపోయింది. తల దగ్గర, జానెడు దూరంలో...

కర్ర్...

దేవప్ప దుప్పటి తల మీదికి లాక్కున్నాడు.

"పెద్దమ్మా..." అన్నాడు, పెదవులు కదిలీ కదలకుండా. "ఇనుము దాటొచ్చినవా?"

కర్ర్...

"భూమేనా?"

కర్ర్... కర్ర్ర్...

"రెండెకరాలిస్త. ఇగ పో."

చప్పుడు లేదు. దేవప్ప ఆశగా ఆగాడు. ఒక నిమిషం. రెండు నిమిషాలు.

కర్ర్ర్... కర్ర్ర్... కర్ర్ర్ర్...

"పది గుంటలు గూడనా!" అని ఏడ్చాడు దేవప్ప.

తెల్లవారి మొదటి బండికే పరుగెత్తాడు. గంప మరిచిపోయాడు. చెప్పులు కూడా.

రాధమ్మకు కబురు పోయింది. చావడిలో పట్వారీ కాయిదం రాశాడు. ఈసారి సాక్షులుగా ఊరు ఊరంతా ఎగబడింది. దేవప్ప బొటనవేలు అద్దాడు. సిరా ఆరకముందే రాధమ్మ దాన్ని మడిచి కొంగున కట్టుకుంది.

ఆమె చేసిన మొదటి పని, దేవప్ప వాకిట్లో మిగిలిన పది గంపలనూ కుప్పవేయించడం. కందులు దింపించి గుమ్మిని కూడా తెప్పించింది. అన్నిటికీ నిప్పు పెట్టింది. "అమ్మ పేర" అంది, అంతే. ఆ రాత్రి తల్లి ఇంట్లో ఒక్కతే పడుకుంది. ఊళ్ళో రాత్రి చప్పుళ్ళు చాలామటుకు సద్దుమణిగాయి. ఆ గంపను పాత గంపల మీద దొంతరగా పెట్టిన ఇళ్ళలో మాత్రం అక్కడక్కడ మిగిలాయి. వాళ్ళు ఎగ్గొట్టింది ఇంకా తీరలేదని మిగతావాళ్ళు సమాధానం చెప్పుకున్నారు.

ఇరవై నాలుగో రోజు రాత్రి దేవప్ప తలుపు దబదబా మోగింది. దేవప్ప దేవుళ్ళందరినీ తలుచుకుని తీశాడు. మత్తయ్య. చంకలో గంప.

"ఏమయ్యా దేవప్పా! గిది గంపనా, పురుగుల పుట్టనా?"

అరుగు బండ మీద గంపను బోర్లించి నాలుగు దెబ్బలు వేశాడు. దీపం దగ్గరికి తెచ్చాడు. బండ మీద చిన్న చిన్న పురుగులు పాకుతున్నాయి. ఒక్కోటి బియ్యపు గింజంత. ఎర్రమట్టి రంగు. ఒంటికన్నా పొడుగ్గా రెండు మీసాలు, గాలిలో ఊపుకుంటూ.

"పిల్లపురుగు కట్టె లోపల ఉండి కొరుక్కుంట బతుకుతది. చప్పుడు లేని రాత్రి ఇంటే కర్రుకర్రుమంటది. మీసాలొచ్చినంక బొక్క పెట్టుకొని బయటికొచ్చి పక్క గంపల గుడ్లు పెడ్తది. ఒక్క గంప చాలు, గోదామంత పోతది! నా మూడు వందల ఎనభై గంపల నడుమ తెచ్చి పెడ్తివి. అవి రైలెక్కి ఏ ఊరు పోయినయో ఏమో!"

దేవప్ప బండ మీదికి వంగి చూశాడు. ఒక్కటే అడిగాడు.

"మరి... పొడి?"

"పొడేంది? దాని లద్దె."

దేవప్ప చీకట్లో పడి పరుగెత్తాడు. రాధమ్మ వాకిట్లో కూర్చుని బరిగెలు చీలుస్తోంది. పక్కనే నీళ్ళు ఓడుతున్న కట్టలు.

"అక్కా! గది పురుగంట! నీకు ఎర్కేనా?"

"అల్లేటోళ్ళకు ఎర్కలేకుంటెట్ల? బరిగె నీళ్ళల్ల నానకుంటే పురుగు పడుతది. నీళ్ళు నువ్వే బందు పెడితివి."

"మరి నాకు చెప్పకపోతివి!"

"గంపలన్న ఇయ్యమని అడిగిన గద తమ్మీ" అంది రాధమ్మ, చెయ్యి ఆపకుండా. "ఇచ్చుంటే గా దినమే కాలబెడుదును."

దేవప్పకు చేను కళ్ళ ముందు కదిలింది. రెండెకరాల పది గుంటలు! "దగా!" అని అరిచాడు. "ఓ ఊరోళ్ళారా! రాండ్రి! జల్ది రాండ్రి!"

బుగ్గమ్మ ఇంటి ముందు, ఆ వేళ, దేవప్ప అరుపు. తలుపులు తెరుచుకున్నాయి. దీపాలు పట్టుకుని, ఒకరినొకరు ముందుకు తోసుకుంటూ జనం వచ్చారు. దూరంగానే ఆగారు. వెనక నుంచి మత్తయ్య ఆయాసపడుతూ వచ్చి దేవప్ప పక్కన నిలబడ్డాడు.

"ఏమాయె దేవప్పా?" అన్నాడు మల్లప్ప గుసగుసగా.

దేవప్ప నోరు తెరిచాడు.

నోరు తెరిచాక లెక్క వేసుకున్నాడు. పురుగు అని చెప్పాలి. బియ్యపు గింజంత పురుగుకు భయపడి ఇరవై ఐదు మైళ్ళు పారిపోయానని చెప్పాలి. మత్తయ్య షెడ్డులో దాన్ని పెద్దమ్మా అని పిలిచి బేరమాడానని చెప్పాలి. ఊరి ముందు తానే అద్దిన బొటనవేలు ఆ తర్వాత కూడా చెరగదు. పోనీ, ఇవన్నీ మింగుదామన్నా... ఎదురుగా దీపాల వెలుగులో ముఖాలు. నలభై రెండు మంది. అందరూ ఆ పొడిని బెల్లంతో తిన్నవాళ్ళే. రుక్కమ్మ రెండుసార్లు తిన్నది. ఎల్లప్ప సరిహద్దు అవతల ఉన్నాడు. దేవప్ప ఇక్కడ ఉన్నాడు.

"కనబడ్డదా?" అంది రుక్కమ్మ.

దేవప్ప తల ఊపాడు.

"ఆఁ... కనబడ్డది."

జనంలోంచి ఒక నిట్టూర్పు.

"ఎట్లున్నది నాయినా?"

అబద్ధం కట్టడానికి వేళ లేదు. కళ్ళలో ఉన్నదే నోట్లోకి వచ్చింది.

"మీసాలున్నయి..." అన్నాడు దేవప్ప. "ఒంటికన్న పొడుగు... ఊపుకుంట ఉన్నది."

అందరూ ఒక్కడుగు వెనక్కి వేశారు. రుక్కమ్మ టపటపా లెంపలు వేసుకుంది. బతికున్నప్పుడే అంత మొండిది, చచ్చి మీసాలు కూడా మొలిచాయంటే ఇక ఆ కోపాన్ని ఆపేదెవరు?

"ఏందయ్యా గిది, గది పు—" అని మత్తయ్య మొదలుపెట్టాడు.

దేవప్ప మడమెత్తి అతని కాలు తొక్కాడు. బలమంతా పెట్టి తొక్కాడు.

మత్తయ్య పెట్టిన కేక అటు వాగు దాకా, ఇటు గుట్ట దాకా వినిపించింది. ఎవరు అరిచారో ఎవరూ చూడలేదు. దీపాలు జారి పడ్డాయి. ఊరు ఊరంతా చీకట్లో పరుగందుకుంది.

అందరికన్నా ముందు దేవప్ప.